పక్క కారు బుర్ర

లిఫ్ట్ మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు కారు స్టీరింగ్ కిందికి దూరాలి, తొమ్మిదికల్లా బయటికి రావాలి, తొమ్మిదిన్నరకు భార్య చేతికి తాళం ఇవ్వాలి, పదింటికి ఆవిడ డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాలి. ఆఖరిది తప్ప మిగతావన్నీ తన చేతిలో పనులేనని ఆయన ధీమా.

భార్య నర్సు. ఆరేళ్ళుగా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తోంది. భర్త లేచే వేళకు ఆవిడ పడుకోవడం, ఆవిడ లేచే వేళకు ఇల్లు ఖాళీగా ఉండడం ఆ సంసారానికి అలవాటైపోయింది. ఇన్నాళ్ళకు పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసి రావాలి. కారు నడిపే లైసెన్సు ఉంటేనే ఇస్తారు, పాసైన కాగితం ఆ సాయంత్రంలోగా ఆఫీసుకు చేరాలి. ఆవిడ ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ మెకానిక్ పరీక్ష మైదానం కంచె బయట నిలబడి, చేతులూపుతూ సలహాలిచ్చాడు. తప్పింది ఆ సలహాల వల్లనేనని ఆవిడ ఉద్దేశం. అవి చాలకపోవడం వల్లనని ఆయన ఉద్దేశం.

ఇదిలా ఉండగా మూడు రోజులుగా కారుకు మతి చెడింది. ఎడమ ఇండికేటర్ వేస్తే వైపర్లు ఆడుతున్నాయి. బ్రేకు తొక్కితే లోపలి దీపం వెలుగుతోంది. రివర్స్ గేరు వేస్తే హారన్ మోగుతోంది. వర్క్‌షాపు అతను చూసి బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయిందన్నాడు.

"స్టీరింగ్ కింద చిన్న పెట్టె ఉంటుంది సార్. లైట్లకీ వైపర్లకీ తలుపులకీ అన్నిటికీ అదే బుర్ర. కొత్తది రావడానికి రెండు వారాలు పడుతుంది. వచ్చాక మీ తాళాన్ని దానికి కంప్యూటర్‌తో పరిచయం చెయ్యాలి" అన్నాడు.

రెండు వారాలు అన్న మాట చెవిన పడగానే మెకానిక్ వెనుదిరిగాడు. తాళం సంగతి వర్క్‌షాపు అతను ఆయన వీపుకు చెప్పాడు.

లిఫ్టుల పనిలో ఒక పద్ధతి ఉంది. పక్కపక్కన రెండు లిఫ్టులుండి ఒకటి మొరాయిస్తే, రెండోదాని బోర్డు పీకి దీనికి పెట్టి చూస్తారు. ఇరవై రెండేళ్ళలో ఆ పద్ధతి మెకానిక్‌ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. పక్క ఫ్లాట్‌లోని పళ్ళ డాక్టరు కారుదీ అదే కంపెనీ, అదే మోడల్, అదే తెలుపు. ఇంకేం కావాలి?

ఏడు గంటలకు తలుపు తట్టేసరికి డాక్టరు నోట్లో బ్రష్షు పెట్టుకుని వచ్చాడు. నాలుగు నిమిషాలు తోమాలని లోకానికంతటికీ చెప్పేవాడు కాబట్టి మధ్యలో ఆపడు. ఆయన వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి తోముతూనే ఉన్నాడు, మెకానిక్ గుమ్మంలో నిలబడి మాడ్యూల్ గురించి, మార్పిడి గురించి, భార్య పరీక్ష గురించి పూసగుచ్చినట్టు చెప్పాడు. డాక్టరు ప్రతి వాక్యానికీ తలూపాడు. కుళాయి ధారగా పోతోంది. చివర గోడకున్న తాళం తీసి ఇచ్చి, మళ్ళీ తోమడంలో పడ్డాడు.

వెలుతురు కోసం మెకానిక్ రెండు కార్లనూ గేటు బయటికి తెచ్చి, ఒకదాని వెనక ఒకటి నిలిపాడు. దీని పెట్టె ఊడదీసి దానికి పెట్టాడు, దానిది తెచ్చి దీనికి పెట్టాడు. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లవి, తాళం జేబులో ఉంటే చాలు. ఆయన జేబులో అప్పుడు రెండు తాళాలూ ఉన్నాయి. అందుకే రెండు కార్లూ బుద్ధిగా స్టార్టయ్యాయి. తన కారులో ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ ఇండికేటరే వెలిగింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పద్ధతి ప్రకారమైతే పరీక్షించాక ఎవరి పెట్టె వాళ్ళకు తిరిగి పెట్టేయాలి. కానీ భార్య పరీక్ష గుర్తొచ్చింది. డాక్టరు క్లినిక్ రెండు కిలోమీటర్లే కదా, అంత దూరానికి వైపర్లు ఆడితే మాత్రం ఆయన సొమ్మేం పోతుంది, మధ్యాహ్నం మార్చేద్దాం అనుకున్నాడు. అనుకున్నాడే గానీ లోపల పీకుతూనే ఉంది. డాక్టరుకు చెప్పేద్దామని పైకి వెళ్ళి, తాళం చేతిలో పెట్టి, ధైర్యం చేసి నోరు తెరిచాడు.

"ఆగండి, అలాగే ఉండండి" అంటూ డాక్టరు వంగి ఆయన నోట్లోకి చూశాడు. "ఆ కింది దవడ పన్ను కదులుతోందయ్యా! రేపు క్లినిక్‌కి రండి" అని తలుపేసుకున్నాడు.

మెకానిక్ అత్తగారు ముప్ఫయ్యేళ్ళు బడిపిల్లల వ్యాను నడిపిన మనిషి. కూతురికి తోడుగా, లైసెన్సున్న మనిషిగా మైదానానికి ఆవిడే వెళ్ళాలని నిన్ననే తీర్మానమైంది. పదింటి పనికి తొమ్మిదింటికే సిద్ధమయ్యే రకం కనుక, అల్లుడు తలుపులు తీసి ఉంచిన సమయంలోనే ఫ్లాస్కుతో వచ్చి ఆయన కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఆగిన బండిలో కునుకు తీయడం ఆవిడకు వ్యాను రోజుల నుంచీ అలవాటు. కాసేపటికి సీటు మీద ఒరిగిపోయారు.

"ఏమండీ, మీరు మాత్రం రావద్దు" అంది నర్సు తాళం అందుకుంటూ. "మీకు దణ్ణం పెడతాను. కంచె దగ్గర మీరు కనిపించారంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు."

"రానులే. కారు మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంది, చూసుకో!"

నర్సు కిందికి వచ్చి తాళం మీటను నొక్కింది. ముందున్న తెల్ల కారు కళ్ళు ఆర్పింది. రెండూ ఒక్కలాగే ఉంటే మనిషి నంబరు చూస్తాడా, పలికినదాన్ని ఎక్కుతాడా? ఆవిడ పలికినదాన్నే ఎక్కింది. లోపల అద్దంలా ఉంది, అద్దానికి పన్ను ఆకారంలో సువాసన బిళ్ళ వేలాడుతోంది. "ఎంత శుభ్రం చేశాడో పాపం! ఇదెప్పుడు కొన్నాడో!" అనుకుని, పొద్దున్న విసుక్కున్నందుకు నొచ్చుకుంది. సంచిలోంచి ఎర్ర ఎల్ బోర్డు తీసి అద్దానికి పెట్టింది.

"అమ్మా, బెల్టు పెట్టుకున్నావా?" అంది వెనక్కి తిరగకుండా. జవాబు రాలేదు. నిద్రపోయి ఉంటుందనుకుని బయల్దేరింది.

పది నిమిషాలకు డాక్టరు చెవిలో ఫోను పెట్టుకుని, ఎవరి పంటినొప్పి గురించో మాట్లాడుతూ వచ్చాడు. ఆయన తాళానికి మిగిలిన తెల్ల కారు పలికింది. ఎక్కి పోనిచ్చాడు.

మెకానిక్ చొక్కా మార్చుకుని బాల్కనీలోంచి చూస్తే రెండు కార్లూ లేవు. భార్య భార్య దారిన, డాక్టరు డాక్టరు దారిన వెళ్ళిపోయారని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

"అల్లుడుగారూ," అత్తగారి గొంతు, "ఇన్‌స్పెక్టరుగారు ఇంటికే వచ్చారా? బండి ఆయనే నడుపుతున్నారేంటి? అమ్మాయి ఏది?"

"ఏ ఇన్‌స్పెక్టరండీ?"

"నాకేం తెలుసు! తెల్ల కోటేసుకున్నారు. క్లచ్ మీంచి కాలు తీయడం లేదు. బాబూ, కాలు తియ్యి! బండి పాడైపోతుంది!"

ఫోనులో ఒక కేక, ఒక బ్రేకు చప్పుడు, ఆ తర్వాత డాక్టరు గొంతు వినిపించాయి. "ఎవరమ్మా నువ్వు? నా కార్లో ఏం చేస్తున్నావ్?"

"నీ కారేంటి? ఇది మా అల్లుడి కారు!"

"నా తాళానికి తెరుచుకుంటే మీ అల్లుడి కారెలా అవుతుంది?"

మెకానిక్‌కు ముందు ఏమీ అర్థం కాలేదు. డాక్టరు తన కారెలా తెరిచాడు? భార్య మరి దేన్లో వెళ్ళింది? అప్పుడు వర్క్‌షాపు అతను వీపుకు చెప్పిన మాట మెల్లగా నడిచివచ్చి చెవిలో దూరింది. ఏ తాళం తనదో గుర్తుపట్టేది ఆ పెట్టే. పెట్టెలు మారాయి, తాళాలు మారలేదు. అంటే భార్య డాక్టరు కారులో వెళ్ళింది. చెడిపోయిన బుర్ర కూడా ఆ కారులోనే ఉంది. పరుగందుకున్నాడు.

మైదానం రెండు వీధుల అవతలే. ఆయన చేరేసరికి తెల్ల కారు గీతల మధ్య కదులుతోంది, నర్సు పక్కన ఇన్‌స్పెక్టరు అట్ట పట్టుకుని కూర్చున్నాడు. ఎడమ మలుపు వచ్చింది. ఇండికేటర్ వేయగానే చినుకైనా లేని ఎండలో వైపర్లు టపటపలాడాయి.

"ఆగు! అది మన కారు కాదు!" అని మెకానిక్ కంచె దగ్గర రెండు చేతులూ ఊపాడు.

నర్సు ఆయన్ను చూసింది. రావద్దంటే వచ్చాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆయన వంక చూడకూడదని పళ్ళు బిగించింది. ఇండికేటర్ ఆపేసి, అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, అమ్మ పాత వ్యానులో నేర్పినట్టు ఎడమకు సైగ చేసి తిరిగింది. బ్రేకు తొక్కితే దీపం వెలిగింది, ఆవిడ పట్టించుకోలేదు. రివర్సులో హారన్ మోగింది. ఆరేళ్ళు అర్ధరాత్రుళ్ళు వార్డులో రకరకాల మోతలు విన్న మనిషికి ఇదొక లెక్కా? కారును గీతల మధ్య చక్కగా పెట్టి ఆపింది.

ఇన్‌స్పెక్టరు దిగి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మా, చేతి సైగలు ఇంత సరిగ్గా చేసినవాళ్ళని చూసి చాలా ఏళ్ళయింది. బండికి పిచ్చెక్కినా మీరు మాత్రం నిబ్బరంగా ఉన్నారు. పాస్! ఏదీ, బండి కాగితాలివ్వండి, నంబరు రాసుకుంటాను."

నర్సు సంచిలోంచి తీసిచ్చిన కాగితం చూశాడు, కారు నంబరు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. ఈలోగా ఇంకో తెల్ల కారు వచ్చి ఆగింది. దాన్లోంచి తెల్ల కోటు, వెనక సీట్లోంచి దారి చెప్పుకొచ్చిన అత్తగారు దిగారు.

"నా కారు!" అన్నాడు డాక్టరు.

"మరి ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆయన దిగిన కారును చూపిస్తూ.

"అదెవరిదో నాకు తెలీదు. కానీ నా తాళానికి నడుస్తోంది."

మెకానిక్ కంచె దూకివచ్చి మొత్తం చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. "అదే సార్, ఒళ్ళు మాది, బుర్ర వీరిది. ఆ కారేమో ఒళ్ళు వీరిది, బుర్ర మాది." ఇన్‌స్పెక్టరు ఒక సిగరెట్టు పొట్లం, ఒక అగ్గిపెట్టె తీసి కారు బానెట్ మీద అటూ ఇటూ మార్చి చూసుకున్నాడు. ఏది ఏ కారో ఆయనకే మరుపొచ్చింది.

"చూడమ్మా, బండి మీదే కావాలని రూలేం లేదు. కానీ ఓనరు ఇష్టపూర్వకంగా ఇచ్చి ఉండాలి. లేకపోతే ఈ పరీక్ష చెల్లదు. మూడు నెలలాగి మళ్ళీ రావాల్సిందే" అన్నాడు చివరికి.

నర్సు మొహం పాలిపోయింది. అందరూ డాక్టరు వైపు చూశారు.

"తాళం మీరే ఇచ్చారా డాక్టరుగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇచ్చాను గానీ... ఎందుకో నాకు చెప్పలేదు."

"అన్నీ చెప్పాను సార్! ప్రతిదానికీ తలూపారు!"

"అప్పుడు నేను పళ్ళు తోముకుంటున్నానయ్యా!"

"తోముకునేటప్పుడు చెవులు వినపడవా?" అన్నారు అత్తగారు.

పళ్ళు తోముకుంటే చెవులు వినపడవని ఒక పళ్ళ డాక్టరు పదిమందిలో ఎలా ఒప్పుకుంటాడు? ఆయన ఒక్కసారి నర్సు కళ్ళలోకి చూశాడు. "నేనే ఇచ్చాను, రాసుకోండి" అని సంతకం చేశాడు. నర్సుకు అక్కడే, ఆ ఎండలోనే ఏడుపొచ్చింది. ఇక రాత్రిపూట తన మంచం మీద తాను పడుకోవచ్చు. డాక్టరుకు రెండు చేతులూ జోడించింది. భర్తను తిట్టాలని తిరిగి, తిట్టలేక నవ్వేసింది.

మెకానిక్ అరగంటలో ఎవరి బుర్ర వాళ్ళకు పెట్టేశాడు. ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకుంటూ తలెత్తి అడిగాడు.

"పొద్దున ఈ రెండు కార్లనూ రోడ్డు మీదికి తెచ్చిందెవరు?"

"నేనే సార్" అన్నాడు మెకానిక్ గర్వంగా.

"మీ లైసెన్సు చూపించండి."

చూపించాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. "దీని గడువు పోయి రెండేళ్ళయింది. ఇక చెల్లదు. మొదటి నుంచీ నేర్చుకుని పరీక్షకు రావాల్సిందే" అని ఒక ఫారం ఇచ్చాడు.

ఫారంలో నేర్పేవారి పేరు రాయవలసిన గడిలో అత్తగారు, ఎవరూ అడగకముందే, సంతకం పెట్టేశారు.