కీళ్లవాతం లేని ఊరు

చిన్న మంగళారంలో కీళ్లవాతం ఆ ఆదివారం ఉదయం పదకొండున్నరకు అధికారికంగా అంతరించింది!

ఈ శుభవార్త విని అందరికన్నా ముందు నివ్వెరపోయింది అంతమ్మ. పాపం, ఆమె పది వేళ్లూ అప్పటికీ వాచే ఉన్నాయి. కొత్తిమీర కట్టకు దారం ముడి వేయలేకపోతున్నదని ఆమెను పనికి పిలవడమే మానేశారు. ఊళ్లో ఆ రోజు పెట్టిన వైద్య శిబిరంలో మిషన్ చేతులను ఎర్రగా చూపిస్తే పట్నంలో పెద్ద దవాఖానకు చిట్టీ రాసిస్తారట. ఆ చిట్టీ మీదే ఆమె ప్రాణమంతా.

శిబిరం పెట్టించింది మాజీ సర్పంచి నాగేందర్. ఐటీ వాళ్లు ఫాంహౌస్ జాగాల కోసం మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ల మీద ఎగబడుతున్న రోజులవి. ఆయన వెంచర్ పేరు ‘ఆరోగ్య వనం’. రోగాల్లేని ఊరంటే ప్లాట్లు తొందరగా కదులుతాయి కదా! వాచిన కీలు వేడెక్కుతుంది, ఆ వేడిని ఎర్రగా, చల్లదనాన్ని నీలంగా చూపే కెమెరా ఒకటి తెప్పించాడు.

"సిటీ సార్లొస్తున్నరు. మట్టి చేతులతోని నిలబడితే ఊరి ఇజ్జత్ పోతది! అందరు కడుక్కోండ్రి!" అని హుకుం జారీ చేశాడు.

డిసెంబరు చలిలో రాత్రంతా బయట నిలిచిన ట్యాంకర్ నీళ్లు! అంతమ్మ మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. వేళ్లు కొయ్యబారాయి.

"చల్లనీళ్లు ముట్టినంక ఇరవై నిమిషాలు కూసోబెట్టాలె సార్..." అంది శిబిరానికొచ్చిన డాక్టర్ సమత.

"టైం లేదు మేడం, పేపరోళ్లు పోతరు!" అన్నాడు నాగేందర్.

తెర మీద అంతమ్మ చేతులు నీలం. వెనక నిలబడ్డ ముత్తమ్మవి నీలం. వరసంతా నీలమే! పొగలు కక్కే చాయ్ గ్లాసు అప్పుడే కింద పెట్టిన నాగేందర్ చెయ్యి ఒక్కటే ఎర్రగా వెలిగింది. మొదటి చిట్టీ ఆయనకే!

"నొప్పులకు నిద్ర పడ్తలేదు పటేలా. నాకు గూడ ఆ చిట్టీ..."

"అవ్వా, మనిషి అబద్ధమాడొచ్చు. మిషన్ ఆడదు!"

అంతమ్మకు ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షామియానా కింద కూలబడింది.

ఊళ్లో కీళ్లవాతమే లేదని ప్రకటించి, రోగరహిత గ్రామం గురించి నాగేందర్ సరిగ్గా ఇరవై నిమిషాలు ఉపన్యసించాడు. డాక్టరమ్మ అడిగితే దొరకని సమయం మైకు అడిగితే దొరికింది! ఆఖరున ఫొటో కోసం, "ఈ అవ్వ చేతులే మల్లొకసారి చూపియ్యండ్రి!" అన్నాడు.

తెర మీద అంతమ్మ కణుపులన్నీ భగ్గున ఎర్రబడ్డాయి. జనం గొల్లున నవ్వారు.

"మిషన్ ఖరాబైంది! బంద్ చెయ్యుండ్రి!"

"గిప్పుడే అబద్ధమాడదంటివి గద పటేలా?" అంది అంతమ్మ.

సమత అప్పటికే చిట్టీ రాసేసింది. ముత్తమ్మ చేతులు చాపింది, ఆమె వెనక మిగతావాళ్లు వరస కట్టారు. ఈసారి వరసంతా ఎరుపే! పేపరోళ్లు చూస్తుండగా నిర్వాహకుడి హోదాలో నాగేందర్ నలభై రెండు చిట్టీల మీద సంతకాలు పెట్టాల్సి వచ్చింది. చివరికి వేళ్లు పట్టేశాయి.

"అబ్బా! జర నా చెయ్యి గూడ మల్ల చూడు మేడం."

చిట్టీని రొండిన దోపుకుంటూ అంతమ్మ అంది:

"కడుక్కోని రా పటేలా. ట్యాంకర్ ఆడనే ఉన్నది."