ఇనుపకొంగల పదునాలుగవ రికార్డు అలమర నెక్కిన వృత్తాంతము

స్వస్తి. ఎడతెగని వానాకాలపు తొమ్మిదవ దినమున, శనివారము మధ్యాహ్నము మూడు గంటల పదకొండు నిమిషములకు, నౌకాశ్రయధూమధూసరితమగు ఇంచియోన్ నగరమునందు, చెప్పులంగడికి పైన, ఇరువదిరెండు మెట్లకు ఎగువన వెలసిన ఓక్ గుమ్రాన్ గారి పాటల బారులో, ఏ దేవతాసాన్నిధ్యమును అవసరపడకయే ఒక మహాసంగ్రామము ప్రారంభమయ్యెను.

ముప్పదినాలుగేండ్లు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి, ఎన్నడును ఒక లోలకముచేతనైనను అబద్ధమాడింపని సత్యవ్రతుడైన గు బోన్‌సిక్ మాస్టారు, వర్షజలబిందుసందోహము చెవులనుండి స్రవించుచుండ, చొక్కాలోపల పొట్టకానించి కాపాడి తెచ్చిన రికార్డును బల్లపై ప్రతిష్ఠించెను. నలువదేండ్లుగా గిటారుగర్జనలతో యువజనహృదయములను, ఆపైన వృద్ధజనహృదయములను కంపింపజేసిన ఇనుపకొంగలు అను రాక్ బృందము ఏడేండ్ల మౌనమును వీడి వెలువరించిన పదునాలుగవ రికార్డు అది.

ఆ బారున నొక శాసనము గలదు. కొత్త రికార్డు అలమర నెక్కవలెనన్న ప్రతి శనివారము ఒకచోట చేరి పాటలు వినెడి శనివారపు బల్లవారందరును ఒప్పుకొనవలెను. ఒక్కడు తల అడ్డముగ ఊపినను అది మెట్లకింది అట్టపెట్టెలోనికి పోవలెను. అట్లు పోయినది మరల శబ్దించిన దాఖలా లేదు. శనివారపు బల్ల యనగా ఇప్పుడు మిగిలినది ఇద్దరే.

ఆ రెండవవాడు బ్యోన్ దొక్సు. రేవులో ముప్పదేండ్లు క్రేను నడిపి ఉక్కుపెట్టెలను పిచ్చుకలవలె ఎగురవేసిన ప్రచండభుజదండుడు. వయస్సున మాస్టారికన్న రెండేండ్లు పెద్ద, ఇనుపకొంగలపై అభిమానమున రెండు నెలలు పాత. ఆ వీరుడు జేబునుండి నాలుగు మడతల పత్రికాఖండమను బ్రహ్మాస్త్రమును వెలికిదీసి వేరుసెనగకాయల పళ్లెము ప్రక్కన పరచెను.

"చదువు మాస్టారూ. చివరి వాక్యం చదువు."

"'ఇనుపకొంగలు ఎప్పటిలాగే ఉన్నారు.' అంతేగా అన్నా. విమర్శకుడు పొగిడాడు."

"పొగడ్తా? నిన్న మా ఆవిడ నా పొట్ట చూసి అదే మాటంది. పొగిడిందంటావా?"

"కొండ ఎప్పటిలాగే ఉందంటే కొండను తిట్టినట్టా?"

"కొండ ఏడేళ్ళకోసారి 'కొత్త కొండనొచ్చాను' అని చాటింపు వేసుకోదుగా."

ఈ వాగ్బాణము మాస్టారి వక్షస్థలమున సూటిగ నాటుకొనెను. ఏలయన, అరువదియారేండ్ల గాయకుడును, అరువదియైదేండ్ల గిటారువాదకుడును ఇక కొత్తది పుట్టింపజాలరని తేలినచో, అరువదినాలుగేండ్ల తన విషయమున నేమి తేలునో ఆయనకు తెలియును. కనుకనే ఆ రికార్డు పెట్టెలోనికి పోరాదు.

"అసలు విన్నావా అన్నా?"

"వినడమెందుకు? చదివాను."

అంతట మాస్టారు, ప్రళయకాలమేఘమువలె లేచి నిలువబడి, తడిసిన కండ్లజోడు తుడుచుకొని, ఇట్లు పలికెను.

"అన్నా, నోటిమాట సాక్ష్యం కాదు. అచ్చులో పడ్డంత మాత్రాన నోటిమాట సాక్ష్యమైపోదు. నువ్వు కళ్ళు మూసుకో. గుమ్రాన్ గారు తెర వెనక రెండు పాటలు వేస్తారు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. గొంతు మొదలయ్యేలోపే ఆపేస్తారు. ఏది ఏదో చెప్పు. చెప్పగలిగితే ఈ రికార్డు పెట్టెలోకి నేనే మోస్తాను."

"పాత రికార్డు గరగరలాడి పట్టుబడిపోదూ?"

బల్లకావలినుండి గుమ్రాన్ గారు గ్లాసు తుడుచుట ఆపకయే అనెను. "ఇరవయ్యారేళ్ళుగా రోజూ తుడుస్తున్నాను. గరగర వినిపించిందంటే అది మీ చెవిలోదే, దొక్సు గారూ."

తెర పడెను. సూది దిగెను. సంధ్యాసాగరఘోషనిభమగు గిటారునాదమొకటి ఇరువది సెకండ్లు సభాభవనమును నింపి, హఠాత్తుగ ఆగెను.

దొక్సు కండ్లు తెరువక పెదవి విరిచెను. "ఇది కొత్తది. చప్పగా ఉంది. వేళ్ళకు వాతం వచ్చినట్టుంది పాపం."

రెండవది మొదలయ్యెను. మొదలైన క్షణమునుండియు ఆ మహాకాయుడు కూర్చున్న పీట కిర్రుమనసాగెను. ఉక్కును ఎత్తిన హస్తములు బల్లపై తాళము వేయదొడగెను. ఆ తాడనమునకు వేరుసెనగకాయలు పళ్లెము విడిచి దశదిశలకు పలాయనము చిత్తగించెను.

"ఇదీ మాస్టారూ. ఇది తొంభై ఒకటి. రేవులో కచేరీ. వానలో నిలబడి విన్నాం. నువ్వు వణుకుతుంటే నా కోటు కప్పాను, గుర్తుందా? అప్పటిది ఇది. ఇలాంటిది ఇప్పుడెవడు వాయిస్తాడు?"

గుమ్రాన్ గారు తెర తొలగించి, రెండు అట్టలను రెండు చేతుల ఎత్తిపట్టెను. "మొదటిది ఎనభైతొమ్మిది. రెండోది మాస్టారు పొట్టకు కట్టుకుని తెచ్చింది."

మాస్టారి మనస్సున జయభేరులు మ్రోగినవి. నాణెమెగురవేసినను సగము పర్యాయములు ఇదియే తేలుననియు, ఒక్క పరీక్ష పరీక్షయే కాదనియు ఆ సత్యవ్రతునకు తెలియును. విద్యార్థి యెవడైనను ఇట్టి ప్రయోగమును వ్రాసి తెచ్చినచో ఆయన సున్న వేసియుండును. అయినను నోరు విప్పలేదు. ముప్పదినాలుగేండ్లలో అదియే మొదటిసారి.

దొక్సు కండ్లు తెరచి, పత్రికాఖండమును చూచి, రికార్డును చూచి, ఒలికిన వేరుసెనగకాయలలో ఒకదానిని నోట వేసికొని నిదానముగ నమలెను.

"అంటే ఎప్పటిలాగే ఉన్నారన్నమాట. ఆ విమర్శకుడు రాసింది అదేగా. నేను మొదటినుంచీ అదే చెబుతున్నాను."

"నువ్వు అది తిట్టన్నావు అన్నా."

"తిట్టే. నేను చదివినప్పుడు తిట్టే. విన్నాక కాదు." అని, ఇనుపకొంగల కీర్తిభారమంతయు మోయుచున్నట్లు మిక్కిలి మెల్లగ, ఆ ఘనశిరమును ఒక్కసారి నిలువుగ ఊపెను.

అంతట గుమ్రాన్ గారు అట్టడుగు వరుసకు మోకాళ్ళపై వంగి, పదమూడు పాత రికార్డులను రెండరచేతులతో గోడకు అదిమి, ఏర్పడిన సందున పదునాలుగవదానిని నిలువబెట్టెను. ఇట్లు, శరపరంపరలకు, వాక్పరంపరలకు, వేరుసెనగల ఊచకోతకు అనంతరము, మూడున్నర మిల్లీమీటర్ల భూభాగము జయింపబడెను.

దొక్సు గొంతు సవరించుకొనెను. "గుమ్రాన్ గారూ, దాన్నోసారి మళ్ళీ తియ్యండి. గొంతు రాకముందే ఆపేశారు."

పట్టాభిషేకమైన పదునొకండవ సెకండున ఆ మూడున్నర మిల్లీమీటర్ల సామ్రాజ్యము మహావైభవముగ ఖాళీ అయ్యెను.