బెల్టు దిగని జొన్న మేడమ్

ఆ రోజు జొన్న మేడమ్ ప్లాను చాలా చిన్నది. డైరెక్టరు గారితో పోట్లాడాలి, గెలవాలి, భోజనం వేళకి ఇల్లు చేరాలి.

"ఒక్క మొక్క కోసం అంత రాద్ధాంతం ఎందుకే? పారేయమంటే పారేస్తే పోలా?" అన్నాడు భర్త, షూ లేసు కట్టుకుంటూ.

"దాంతో ఆరేళ్ళ అనుబంధం. మీతో ఐదేళ్ళే."

ఆయన రెండో లేసు ఇంకాస్త బిగించి కట్టుకున్నాడు.

ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో మొక్కల్ని మనుషులు చూడరు, యంత్రం చూస్తుంది. కుండీలు బెల్టు మీద వరసగా కెమెరా గదిలోకి వెళ్తాయి. ఎత్తెంత, ఆకెంత, పచ్చదనమెంత, అన్నీ అది చిటికెలో కొలిచేస్తుంది. ఏ కుండీ ఏదో దానికి తెలిసేది స్టిక్కరు వల్లే. అన్నిటికంటే ముందు దానికి ఒక ప్లాస్టిక్ మొక్కను చూపిస్తారు. అది పెరగదు, వాడదు కాబట్టి, దాన్నిబట్టి యంత్రం తన చూపు సరిచేసుకుంటుంది. నీళ్ళు లేకపోయినా బతికే జొన్న రకం కోసం మేడమ్ ఆరేళ్ళు పడ్డ కష్టంలో చివరికి మిగిలింది ఒక్క మొక్క. మూడు వారాలుగా దానికి చుక్క నీరు లేదు. యంత్రం రోజూ మిట్టమధ్యాహ్నం చూసి 'చావుకు దగ్గర' అని రాస్తోంది. ఈ రోజూ అదే రాస్తే పారేయాలని డైరెక్టరు గారి ఆర్డరు.

బెల్టు నడిపే మనిషిని అందరూ బెల్టు బాబాయ్ అంటారు. ఆ పొద్దున ఆయన కుండీలు కడిగితే రెండు స్టిక్కర్లు ఊడిపోయాయి. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, వియ్యంకుడితో గొడవ పడుతూ వాటిని మళ్ళీ అంటించాడు. జొన్న స్టిక్కరు ప్లాస్టిక్ మొక్కకు పడింది. ప్లాస్టిక్ మొక్కది జొన్నకు పడింది.

మధ్యాహ్నం యంత్రం ముందుగా 'ప్లాస్టిక్' స్టిక్కరున్న మొక్కను చూసింది. అది సగానికి సగం ముడుచుకుని ఉంది. తన చూపే మందగించిందనుకుని, సరిదిద్దుకుని, మిగతా మొక్కలన్నిటి కొలతలనూ రెట్టింపు చేసింది. జానెడు టమాటా నారు మోకాలెత్తయింది. చిక్కుడు తీగ పైకప్పు దాటింది. ఇక జొన్న స్టిక్కరున్న మొక్క ఒక్క రాత్రిలో రెండింతలై నూరు శాతం పచ్చగా తేలింది.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదమ్మా, నీ మొక్క బంగారమని!" అంటూ డైరెక్టరు గారు పరిగెత్తుకొచ్చారు.

మేడమ్ వెళ్ళి చూసింది. "సార్, అది ప్లాస్టిక్."

"కంటితో చూసి చెబుతున్నావా?"

"అవును సార్."

"అదే నీతో వచ్చిన చిక్కు. ఇక్కడ కళ్ళకు విలువ లేదు. బాబాయ్, ఆ ప్లాస్టిక్ మొక్క ముడుచుకుపోయిందట, పారేయ్. తనిఖీ కమిటీ గేటు దాకా వచ్చేసింది!"

బాబాయ్ మేడమ్ చెవిలో గొణిగాడు. "ఊరుకోండి మేడమ్. మీ పేరు నిలబడింది కదా."

"పేరు ప్లాస్టిక్‌ది నిలబడింది. నా మొక్క చెత్తలోకి పోతోంది. ఇటివ్వు బాబాయ్!"

కుండీ లాక్కుని, బెల్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పారేయాలంటే నన్నూ కలిపి పారేయండి."

సరిగ్గా అప్పుడే కమిటీ లోపలికి వచ్చింది. డైరెక్టరు గారు కంగారుగా చెయ్యి ఊపారు. దిగమని ఆమెకు చేసిన సైగ అది. బాబాయ్‌కి ఆ సైగకు తెలిసిన అర్థం ఒకటే, బెల్టు వేయమని. వేశాడు. ఆకుపచ్చ చీరతో సహా మేడమ్ కెమెరా గదిలోకి వెళ్ళిపోయింది.

డైరెక్టరు గారు చూడనట్టే నటిస్తూ తన అద్భుతాన్ని కమిటీ పెద్దావిడ ముందు పెట్టారు. ఆవిడ ఒక ఆకును గోటితో గిల్లింది.

"ఇది ప్లాస్టిక్ కదండీ?"

"అసాధ్యమండీ. మా యంత్రం పొరపాటు చెయ్యదు."

అంతలో తెర మీద కొత్త ఫలితం వెలిగింది. 'విశాలమైన ఆకు. తెగులు లేదు. వెంటనే నీరు పోయవలెను.' గది అవతల, యంత్రం మాట వినే నీళ్ళ పంపు బుస్సుమంది. బెల్టు మలుపు తిరిగేసరికి జొన్న మేడమ్ తల నుంచి కాలి దాకా తడిసి ముద్దయి ఉంది. ఒళ్ళో ఉన్న కుండీ మీద మాత్రం పొదిగే కోడిపెట్టలా వంగి ఉంది. దాని మీద చుక్క పడలేదు.

"దిగమ్మా!" అన్నారు డైరెక్టరు గారు పళ్ళ మధ్య నుంచి.

"దిగను. మీ యంత్రం పొరపాటు చెయ్యదంటే రైతులకు ప్లాస్టిక్ పంచండి, గట్టు మీద నన్ను నాటండి. చేస్తుందంటే, నా మొక్క చస్తోందన్న రిపోర్టు చించెయ్యండి. ఏదో ఒకటి చెప్పండి, అప్పుడు దిగుతాను."

పెద్దావిడ దగ్గరికి వచ్చి ముడుచుకున్న ఆకులు చూసింది. "మరి ఇలా ఉందేంటమ్మా?"

"ఎండ ముదిరితే నీరు పోకుండా ఆకులు చుట్టేసుకుంటుందండీ. పొద్దున్నే చూస్తే విప్పుకుని ఉంటుంది. దాని తెలివిని వీళ్ళు రోగమని రాశారు."

"యంత్రానికి పొద్దున చూపించలేదా?"

"మధ్యాహ్నమే చూపించాలని సార్ రూలు."

ఆవిడ డైరెక్టరు గారి వైపు తిరిగింది. ఆయన రిపోర్టు తీసి, రెండుగా చించి, మొక్క బతుకుతోందని కొత్తది రాయించారు. మేడమ్ నీళ్ళు కారుతూ బెల్టు దిగింది.

డైరెక్టరు గారికి యంత్రం మీద నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు. కాకపోతే సంతకం పెట్టే ముందు వెళ్ళి ప్రతి మొక్కనూ ఒకసారి గిల్లి వస్తున్నారు.