లావారిస్ సామాన్ల చట్టం: కరీముద్దీన్ ఇంటి శాఖ

ఈ భూమ్మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ లొంగదీసుకోలేని ప్రాంతం ఒక్కటే ఉంది. అది సంసారుల ఇంటి వెనక గది. నిజాం సర్కారు పోయింది, కొత్త సర్కారు వచ్చింది. హాలీ సిక్కా పోయి నయాపైస వచ్చింది. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. తాండూరులో కరీముద్దీన్ ఇంటి వెనక గది మాత్రం ఇవేవీ తనకు పట్టనట్టు కదలక మెదలక కూర్చుంది. సర్కారు మారినప్పుడల్లా అందులోకి ఇంకో నాలుగు వస్తువులు చేరేవి, అంతే. (పాత రోజులు మళ్లీ వస్తే పనికొస్తాయని కొన్ని, రాకపోతే గుర్తుకుంటాయని కొన్ని.)

కరీముద్దీన్ వికారాబాదు స్టేషన్‌లో లావారిస్ సామాన్ల గుమాస్తాగా పనిచేసి, రిటైరై, సొంతూరు చేరిన మనిషి. లావారిస్ అంటే అడిగే దిక్కు లేని సొత్తు. రైల్లో ఎవరో మరిచిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటికాలి చెప్పులు ఆయన గదికి వచ్చేవి. ప్రతిదానికీ చిట్టీ అంటించేవాడు. గడువు దాకా ఎవరూ రాకపోతే హర్రాజు, అంటే వేలం, వేయించేవాడు. హర్రాజైన సాయంత్రం ఆ గది అద్దంలా ఉండేది. ఆయన గడప మీద నిలబడి ఆ ఖాళీని కడుపునిండా చూసుకుని, అప్పుడు ఇంటికి పోయేవాడు. జీవితంలో ఆయనకు అంతకు మించిన సుఖం తెలియదు.

అలాంటి మనిషికి ఒక అవసరం వచ్చిపడింది. ఒక్కగానొక్క కూతురు జమాలున్నీసాను కొడంగల్‌లో ఇచ్చారు. ఆమెకు ఏడో నెల నడుస్తోంది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలి, అది అన్ని మతాలవాళ్లూ ఒప్పుకున్న ఏకైక సిద్ధాంతం. పడుకోబెట్టడానికి ఉన్నది ఆ వెనక గదే. దానికి వేపచెట్టు వైపు ఒక కిటికీ ఉన్నట్టు పెద్దవాళ్లు చెప్పుకునేవారు. సామాను వెనక ఉండడం వల్ల దాన్ని చూసి చాలా కాలమైంది. అమ్మాయి పోయినసారి వచ్చినప్పుడు ఆ కిటికీ సంగతే తల్లి చెవిన వేసి వెళ్లింది. తల్లి ఉమ్రావ్ బేగం, మొగుడి దగ్గర ఆ మాట ఎత్తింది.

"జమాలు అబ్బా, బిడ్డకు గాలాడాలె. గదిల సామాన్ జర చూడుండ్రి."

మామూలు మనిషైతే చొక్కా విప్పి గదిలోకి దూరేవాడు. కరీముద్దీన్ కాగితం తెమ్మన్నాడు. బిడ్డ వచ్చేసరికి ఆ గది వికారాబాదు గదిలా మెరవాలని ఆయన మనసులో గట్టిగా అనుకున్నాడు. కూతురంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణాన్ని చూపించడానికి ఆయనకు తెలిసిన దారి నియమావళి ఒక్కటే.

ఆ రోజు నుంచి ఇల్లు ఒక శాఖ అయింది. గదిలో ప్రతి వస్తువుకూ చిట్టీ అంటించారు. పక్షం రోజుల్లోగా దానిమీద దావా ఉన్నవాళ్లు అధికారి ముందు హాజరై, అది దేనికో, చివరిసారి ఎప్పుడు వాడారో విన్నవించుకోవాలి. అధికారి కరీముద్దీనే. తీర్పు నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వినేది కూడా కరీముద్దీనే, కాకపోతే అప్పుడు టోపీ పెట్టుకునేవాడు. ఆయన సొంత సామాన్లు, అంటే వెలగని రైల్వే లాంతరు, పాత టైంటేబుళ్ల కట్టలు, పిడి లేని గొడుగులు, వీటికి మాత్రం చిట్టీ లేదు. అవి శాఖ నడవడానికి కావలసిన సరంజామా. (ఏ శాఖ నియమమైనా ముందు వర్తించనిది ఆ శాఖకే.)

ఉమ్రావ్ బేగం మొదట నవ్వి ఊరుకుంది. మూత లేని కెటిల్ కోసం, అత్తగారి ఆకువక్కల పాన్‌దాన్ కోసం, "అన్నీ నావే" అని ఒక్క ముక్కలో దావా వేసింది. ఉమ్మడి దావా చెల్లదని కొట్టేశారు. పాన్‌దాన్ చివరిసారి ఎప్పుడు వాడారని అధికారి అడిగితే, మీ అమ్మ బతికున్నప్పుడని ఆమె చెప్పింది. వాడిన మనిషిని హాజరుపరచాలని అధికారి అన్నాడు. ఆ తర్వాత ఆమె నవ్వడం మానేసింది.

రెండో వారంలో శాఖ పరిధిని వంటింటి దాకా పెంచారు. ఒక పొద్దున ఉమ్రావ్ బేగం జొన్నరొట్టె కాలుస్తుంటే పెనం కాడకు చిట్టీ కనబడింది. ఇప్పుడు వాడుతూనే ఉన్నాను కదా అంటే, దానికి సాక్షులు కావాలన్నారు. ఆమె రొట్టె తిరగేసి, రోజూ దాన్ని తినే ఆ ఒక్క సాక్షికి ఆ పూట తిండి పెట్టలేదు.

గదిలో ఒక పెట్టె దగ్గర మాత్రం వ్యవహారం బిగిసింది. అది కరీముద్దీన్ చిన్నాన్న కొడుకు ఇమాముద్దీన్ ఇనుప పెట్టె. పోలీసు యాక్షన్ ఏడాది, రెండు రోజుల్లో వస్తానని తాళం వేసి ఇక్కడ దించి వెళ్లాడు. కరాచీ అన్నారు కొందరు, దారిలోనే అన్నారు కొందరు. పదేళ్లుగా కార్డు ముక్క లేదు. ఆ పెట్టె సరిగ్గా కిటికీకి అడ్డంగా ఉంది. అడిగేవాడు లేడు గనుక ఇంతకంటే అసలైన లావారిస్ సొత్తు ఈ జిల్లాలోనే ఉండదని కరీముద్దీన్ తేల్చి, చిట్టీకి బంక రాస్తున్నాడు. ఉమ్రావ్ బేగం వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"గిది మనది గాదు, అమానత్, దాచమని అప్పజెప్పిన సొమ్ము. అడగనీకి రాకపోతే లావారిస్ అయితదా? రానోని కోసమే గద అమానత్ పెట్టుకునేది."

కరీముద్దీన్ చేతిలో బంక ఎండిపోయింది. చిన్నప్పుడు కాగ్నా వాగులో తనకు ఈత నేర్పింది ఇమాముద్దీనే. ఆయన చిట్టీ తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత తేరుకుని, సదరు పెట్టెను మినహాయిస్తున్నామని, దాన్ని ఎవరూ ముట్టరాదని ఉత్తర్వు ఇచ్చాడు. దాంతో కిటికీకి అడ్డమున్న పెట్టె కిటికీకి అడ్డంగానే ఉండిపోయింది. ఆయన చట్టంలో ఉంచడం ఉంది, తీసేయడం ఉంది. పక్కకు జరపడం లేదు.

మిగతావాటి గడువు తీరింది. అంగడి రోజున డప్పు కొట్టే ఎల్లప్పను పిలిపించి, కరీం సాబ్ ఇంటి ముందు సామాన్ల హర్రాజు అని ఊరంతా చాటింపు వేయించాడు. ఇక్కడే ఆయన పప్పులో కాలేశాడు. స్టేషన్‌లో హర్రాజు అంటే గొడుగులు. ఊళ్లో ఒక ఇంటి గడప ముందు హర్రాజు అంటే దానికి ఒకటే అర్థం: అప్పు మునిగింది, కోర్టు జప్తు వచ్చింది, సంసారం బజారున పడింది. తాండూరులో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి, ఉద్యోగమంతా రైలు పట్టాల పక్కన గడిపిన కరీముద్దీన్‌కు తట్టలేదు.

జనం వచ్చారు. తలలు దించుకుని, చావింటికి వచ్చినట్టు వచ్చారు. ఎవరూ బేరం ఆడలేదు. చెప్పిన ధరకు కొని, ఆయన ముఖం చూడకుండా వెళ్లిపోయారు. ఇంత క్రమశిక్షణ గల హర్రాజును తన సర్వీసులో చూడలేదని కరీముద్దీన్ మురిసిపోయాడు. సాయంత్రం గడప మీద నిలబడి, ఆ పెట్టె, శాఖ సరంజామా పోను ఖాళీ అయిన గదిని చూసుకుంటూ, ఆ మూలన కూతురి మంచం, ఈ పక్కన ఉయ్యాల అని మనసులోనే సర్దేసుకున్నాడు.

ఆ సుఖం దీపాలు పెట్టేవేళ దాకా నిలిచింది. అప్పుడు పక్కింటి కిష్టప్ప, నాపబండల వ్యాపారి, తాను కొన్న ఇనుప మంచాన్ని తానే మోసుకుని, గుట్టుచప్పుడు కాకుండా పెరటి వైపు నుంచి వచ్చాడు.

"లోపట ఏసుకోండ్రి సాబ్. ఎవ్వరికి చెప్ప. మనిషన్నంక గిట్లాంటి దినాలొస్తయి."

కరీముద్దీన్ తనకు అప్పు లేదన్నాడు. కిష్టప్ప కళ్లు తుడుచుకుని, మీరు మానం గల మనిషని అన్నాడు. వెనకే పాలు పోసే మొగులమ్మ పెద్దేముల్ నుంచి వచ్చి, కొనుక్కున్న ఇత్తడి బిందెను తిరిగి ఇచ్చింది. ఖాళీగా ఇవ్వకూడదని అందులో జొన్నలు పోసుకొచ్చింది. మర్నాడు బొంరాస్‌పేట చుట్టాలు బండి కట్టుకుని వచ్చారు. వాళ్లు హర్రాజుకు రాలేదు, వార్తకు వచ్చారు. రెండు పరుపులు, ఒక బీరువా, కందుల బస్తా దింపారు. వద్దంటే కోపగించుకున్నారు. కష్టంలో కూడా బంధువులను పరాయి చేస్తావా అని నిలదీశారు. అమ్మిన సరుకు తిరిగొస్తే ఏం చేయాలో చట్టంలో లేదు. వికారాబాదులో ఒక్క గొడుగు కూడా అలా తిరిగి రాలేదు. పైగా ఇచ్చినవాళ్లు మళ్లీ వచ్చి చూస్తారు గనుక ప్రతిదీ కంటికి కనబడేలా పెట్టాలి. వారం తిరిగేసరికి గది తలుపు మూసుకోవడం మానేసింది.

ఉమ్రావ్ బేగం వచ్చినవన్నీ తీసుకుంది. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టుంది. ఈ వాడ తనను ఇంతగా తన మనిషి అనుకుంటోందని తెలిసి ఏడుపూ వచ్చింది. మొగుడితో మాత్రం మాట్లాడలేదు.

వార్త బస్సెక్కి కొడంగల్ కూడా చేరింది. వియ్యపురాలు వజీరాబీ మనిషిని పంపింది: మీరే గంత తిప్పలల్ల ఉన్నరు, కాన్పు బరువు మీ మీద పెట్టం, కోడలు ఇక్కడనే ఉంటది. చెప్పిన మనిషి రెండు బొంతలు కూడా దించి వెళ్లాడు.

కరీముద్దీన్ మర్నాడే కొడంగల్ పోయి, వియ్యపురాలి ముందు కూర్చుని, అప్పు లేదు, జప్తు లేదు, ఇల్లు సర్దుకోవడానికి తానే తన సామాను హర్రాజు వేయించానని మొదటి నుంచి చివరి దాకా వివరించాడు. లావారిస్ చట్టం కూడా చెప్పాడు. వజీరాబీ అంతా విని, చాయ్ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

"భాయ్‌సాబ్, అప్పులై బోకులు, బిందెలు అమ్ముకున్నోళ్లను చూసిన. అప్పు లేకుండ బజార్ల పెట్టినోన్ని చూడలే. నేను అప్పే అనుకుంట. మీకు గదే ఇజ్జత్."

కరీముద్దీన్ ఆలోచించాడు. దివాలా తీసినవాడి ఇంటికి కోడలిని పంపరు. పిచ్చివాడి ఇంటికి అసలే పంపరు. కాబట్టి చాయ్ తాగి, అప్పే అని ఒప్పుకున్నాడు.

బస్సు దగ్గరికి కూతురు ఎనిమిదో నెల కడుపుతో మెల్లగా నడిచి వచ్చింది. ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"అబ్బా, గది ఖాళీ చెయ్యమని నేనన్ననా? కిటికి తెరుసుకునేటట్టు పెట్టె జర పక్కకు జరపమన్న. గంతే."

ఆయన బస్సెక్కాడు. దారి పొడుగునా కందిచేలు చూస్తూ కూర్చుని, దిగాల్సిన చోట కండక్టర్ చెబితే గాని దిగలేదు.

నెలలు నిండాయి. బిడ్డ తమ దగ్గరికి రాకపోతే తానే బిడ్డ దగ్గరికి పోతానని ఉమ్రావ్ బేగం మూట కట్టుకుంది. పోతూ పోతూ పెనం కూడా వెంట తీసుకుంది. ఎవరి అనుమతీ అడగలేదు. మనుమరాలు పుట్టిందని వారం తర్వాత కబురొచ్చింది. తల్లీ పిల్లా బాగున్నారు, నలభై రోజుల చిల్లా దాటినా నానమ్మ ఇప్పట్లో పంపేటట్టు లేదు, అమ్మమ్మ కూడా అక్కడే ఉంటుంది. ఎంతకాలమో ఆ కబురులో లేదు.

ఆ సంతోషవార్త విని కిష్టప్ప ఊరుకోలేదు. తన పిల్లలు ఊగిన చెక్క ఉయ్యాలను కడిగి, నెత్తిన పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, ఏడ పెట్టాలె సాబ్ అని అడిగాడు. కరీముద్దీన్ ఒకసారి ఇల్లంతా కలయజూశాడు.

"ఏడనన్న పెట్టు కిష్టప్ప. సామాన్ తగ్గలే గని, మనుషులు తగ్గిన్రు. జాగ మస్తుంది."