జానెడు వంతెన

ఇకమీదట తన నియోజకవర్గంలో వంతెన లేని కాలువ ఉండబోదని, ఉన్నట్టు ఎవరైనా నిరూపిస్తే ఆ కాలువనే రద్దు చేస్తానని మంత్రిగారు బహిరంగ సభలో ప్రకటించారు. చప్పట్లు ఎంత గట్టిగా మోగాయంటే, హామీ నెరవేరిపోయిందనే అనుకుని జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఒక్క రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం అలా అనుకోలేదు. ఆయన ఇంటి వెనక ఆరడుగుల కాలువ ఉంది. పదకొండేళ్ళుగా దాని మీద ఒక పాత కరెంటు స్తంభం అడ్డంగా పడి ఉంది. అవతలి గట్టున ఉన్న క్లినిక్‌లో ఆయన భార్య నర్సు. కిందటి వానాకాలం ఆ స్తంభం మీదే కాలు జారి ఆవిడ మణికట్టు విరగ్గొట్టుకుంది. మళ్ళీ వానలకు రెండు నెలలు కూడా లేవు. ఆయన బెంగంతా అదే.

అర్జీలు రాసి రాసి చేతులు పడిపోయాక, కిందటేడే ఆయన మనసు పెరటి తోటలోని బొమ్మరైలు మీదికి మళ్ళింది. పట్టాల పక్కన, అసలుకి ఇరవై నాలుగో వంతు కొలతలో, ఊరు కట్టాడు. స్టేషను, క్లినిక్కు, డాబాలు, గోరంత బట్టలు ఆరేసిన దండెం. కొత్త గోడ మరీ కొత్తగా ఉంటే బొమ్మని తెలిసిపోతుందని, పల్చటి రంగును పాత టూత్‌బ్రష్‌తో చిలకరించి తుప్పు మరకలూ చెమ్మ మరకలూ తెప్పించాడు. చివరికి ఊళ్ళో లేని వంతెన కూడా కట్టి, దాని మధ్యలో బొటనవేలంత నర్సు బొమ్మను నిలబెట్టాడు. ఎక్కే వాలుతో కలిపి వంతెన జానెడు. అచ్చం నిజమైనదానిలా ఉండాలి కదా అని పిట్టగోడకు తపాలా బిళ్ళంత మంత్రిగారి పోస్టరు అంటించి, ఒక మూల కాస్త చింపాడు.

ఆ పోస్టరే కొంప ముంచింది.

"ఇలాంటిది కట్టించండి" అని రాసి, ఆ వంతెన ఫొటో జతచేసి సభ మర్నాడే పన్నెండో అర్జీ పంపాడు. మంత్రిగారు ఫొటో వైపు చాలాసేపు చూశారు.

"ఇది మనం ఎప్పుడు కట్టామయ్యా?"

"మీ పోస్టరుంది కద సార్," అన్నాడు పి.ఏ.

"చిరిగింది కూడా. అయితే కట్టి రెండేళ్ళయి ఉంటుంది."

ఇంత సూక్ష్మదృష్టి ఉన్న నాయకులు అరుదు. చేసిన మేలు కూడా గుర్తుపెట్టుకోని నిరాడంబరుడని మర్నాడు పత్రికలు ఆయన్ని మెచ్చుకున్నాయి. వారం తిరక్కుండా డ్రాఫ్ట్స్‌మన్‌కు జవాబొచ్చింది. వంతెన ఉన్నందున అర్జీ మూసివేయడమైనది.

ఆయన లబోదిబోమంటూ ఆఫీసుకు పరుగెత్తితే ఇంజనీరు స్వయంగా వెంట వచ్చాడు. ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. కాలువ వైపు కన్నెత్తి చూడకుండా సరాసరి తోటలోకి నడిచి, గడ్డి మీద బోర్లా పడుకుని టేపు పెట్టాడు.

"తొమ్మిది. పక్కాగా ఉంది గురువుగారూ."

"తొమ్మిది అంగుళాలురా!"

"పైవాళ్ళు కొలతే అడిగారు. అడుగులా అంగుళాలా అన్న గడి ఖాళీగా వదిలేస్తా."

"మరి మా ఆవిడ దేని మీద నడవాలి?"

ఇంజనీరు నర్సు బొమ్మను వేలితో చూపించాడు. "నడుస్తూనే ఉన్నారుగా!"

సాయంత్రం భార్య అంతా విని, అతికిన మణికట్టు నిమురుకుంది.

"ఉన్న వంతెనకి మళ్ళీ వంతెన ఇవ్వరు. కూలిపోయిందంటే ఇస్తారు కదండీ?"

ఆయన తోటలోకి వెళ్ళి బొమ్మ వంతెన ముందు కూర్చున్నాడు. ఒక్క పిట్టగోడకే నాలుగు నెలలు పట్టింది మరి. అయినా నర్సు బొమ్మను తీసి జేబులో వేసుకుని, కళ్ళు మూసుకుని, సుత్తితో ఒక్కటిచ్చాడు. వంతెన కూలిందని పదమూడో అర్జీ పెట్టాడు.

ప్రభుత్వం నిద్రపోతోందనేవాళ్ళు ఆ తర్వాత జరిగింది చూసి సిగ్గుపడాలి. పదకొండేళ్ళు కదలని ఫైలు ఒక్కపూటలో కదిలింది. కూలడం వెనక ప్రతిపక్షం హస్తం ఉందని మధ్యాహ్నానికే ప్రకటన వచ్చింది. మూడో రోజున కాంట్రాక్టరు యుద్ధ ప్రాతిపదికన రెండు లారీల సిమెంటు తోలించాడు. అందులో గరిటెడు తోటలో వాడారు. మిగతాది ఏమైందని అడిగేంత మర్యాద తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

మంత్రిగారు విచ్చేసి, మోకాళ్ళ మీద కూర్చుని రిబ్బను కత్తిరించారు. లేవబోతుంటే చెప్పు తగిలి స్టేషను పడిపోయింది. దాన్ని కూడా పునర్నిర్మిస్తామని అక్కడికక్కడే హామీ ఇచ్చారు.

"అయ్యా, అసలు కాలువ ఆ వెనక..." అని డ్రాఫ్ట్స్‌మన్ మొదలుపెట్టాడు.

"ఇరవై ఒక్క రోజులు నీళ్ళు కొట్టండి. బరువులు ఎక్కించకండి," అని ఆయన భుజం తట్టి మంత్రిగారు కారెక్కారు.

కార్లన్నీ వెళ్ళిపోయాక శిలాఫలకం మిగిలింది. ఎనిమిదడుగుల నల్లరాయి. ఎనిమిదిమంది కూలీలు దాన్ని మోసుకొచ్చి తోట మధ్యలో నిలబడ్డారు. ఎక్కడ దించినా సగం ఊరు పచ్చడైపోతుంది.

"ఎక్కడ పెట్టమంటారయ్యా? వంతెన దగ్గరే పెట్టాలని ఆర్డరు," అన్నాడు తాపీమేస్త్రీ రొప్పుతూ.

డ్రాఫ్ట్స్‌మన్ నోరు తెరిచేలోపు ఆయన భార్య పెరటి తలుపు బార్లా తీసింది.

"వంతెన ఇటుంది నాయనా. నిలబెట్టకండి, పడుకోబెట్టండి. ఈ గట్టు మీంచి ఆ గట్టుకి."

మేస్త్రీ కాలువను చూశాడు, స్తంభాన్ని చూశాడు. ఇంకేమీ అడగలేదు. రాయిని దించబోతూ మాత్రం కాస్త తటపటాయించాడు.

"పేరున్న వైపు కిందికి పెట్టనా అమ్మా? మర్యాదగా ఉంటుంది."

"పైకే పెట్టు. బాగా లోతుగా చెక్కారు. వానలో కాలు జారదు."

తొలకరి పడిన రోజు డ్రాఫ్ట్స్‌మన్ గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. జేబులో చెయ్యి పెట్టి నర్సు బొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ 'గౌరవనీయులు' మీద ఒక అడుగు, మంత్రిగారి పేరు మీద రెండు, 'అమృత హస్తములతో' మీద ఒకటి వేసి, సరిగ్గా తొమ్మిదింటికి డ్యూటీకి చేరింది.