టీచరమ్మ పేరున నోటీసు

లెక్కల మాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని పుస్తకాల బీరువా దులపడం ఒక్కటే. పై అర దాకా వచ్చి తడిగుడ్డ పిండుతుండగా కోడలు ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టి, మీటింగుకు వేళయిందంటూ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కవరు మీది పేరు చూసి మాస్టారు గుడ్డను బకెట్లో వదిలేశారు.

అది ఆయన భార్య పేరు. సైన్సు టీచరుగా పనిచేసిన మనిషి. ఆవిడ పోయి ఏడాదీ రెండు నెలలయింది. ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ మాత్రం ఇంకా ఆవిడ పేరునే ఉంది. పేరు మార్పించడానికి మాస్టారు ఫారం తెచ్చారు గానీ, ‘మార్పుకు కారణం’ అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఫారం సొరుగులో ఉండిపోయింది.

కంపెనీవారు ఆవిడనే ఉద్దేశించి రాశారు. మీ కనెక్షన్ నుంచి ఫైళ్ళ పంపకం హద్దు మీరి సాగుతోంది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు నేరుగా జరిగే ఇటువంటి పంపకాలలో చాలావరకు సినిమాలూ పాటలూ, అంటే పరుల సొత్తే ఉంటుంది. ఈ సాయంత్రం ఐదులోగా ఆపించకపోతే కనెక్షన్ తీసేయడమే కాక, మీ పేరును నిబంధనలు మీరినవారి జాబితాలో చేరుస్తాము.

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. కనెక్షన్ పోతే పోయింది. ఆవిడ పేరు దొంగల పక్కన ఎక్కడమేమిటి? బడి నుంచి సంచిలో సుద్దముక్క వచ్చిందని తెలిస్తే మర్నాడు గుర్తుపెట్టుకుని తిరిగి పట్టుకెళ్ళిన మనిషి. ఎవరో ఈ ఇంట్లోనే కూర్చుని, ఎదురు చెప్పుకోలేని మనిషి పేరు మీద దొంగసరుకు పంచుతున్నారు. ఐదులోగా వాళ్ళెవరో తేల్చాలి.

ముందుగదిలో ఆయన బావమరిది టీవీలో చదరంగం పోటీ చూస్తున్నాడు. టీచరమ్మకు తమ్ముడు, రిటైరైన గుమాస్తా. అతనికి తెలియని విషయం లేదు. తెలిసిన విషయాలే తక్కువ. నోటీసు చదివి పెదవి విరిచాడు.

“దీనికింత గాభరా ఎందుకు బావా? రూటర్లో ఒకటే మీట ఉంటుంది. నొక్కితే ఈ పంపకాలన్నీ బంద్.”

“పంపకం ఆగుతుంది. పంచిందెవరో తెలీదుగా. దొంగ లోపలుండగా తలుపేసుకుంటే ఏం లాభం?”

“దొంగెవరో నాకు తెలుసు. మేడమీద డాక్టరు.”

“ఎలా తెలుసు?”

“మొహం చూస్తే తెలీట్లా?” అని బావమరిది మళ్ళీ చదరంగంలో పడ్డాడు.

మేడమీద అద్దెకుంటున్న హోమియో డాక్టరు నెమ్మదస్తుడు. మొహం చూసి మనిషిని పట్టుకోవడం మాస్టారికి నచ్చలేదు. ఆయనకు రుజువు కావాలి. నోటీసు వెనక చెప్పిన ప్రకారం ఫోనులో రూటరు పేజీ తెరిచారు. దాన్ని వాడుకుంటున్న వస్తువులు ఎనిమిది కనిపించాయి. ఒక్కదానికీ పేరు లేదు. అక్షరాలూ అంకెలూ కలగలిపి రాసిన గుర్తులే. ఒక్కొక్కదాని పక్కన ‘ఆపు’ అని ఒక బొత్తాం. సరుకు బయటికి పోతున్నంతసేపూ రూటరు మీది చివరి దీపం మిణుకుతుందట. అది తెల్లారినప్పటి నుంచీ కళ్ళార్పుతూనే ఉంది.

మాస్టారికి దారి దొరికింది. తెలియని రాశులను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోతే జవాబు అదే బయటపడుతుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు నూరిపోసింది అదే. గళ్ళ కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకున్నారు. ఒకసారి తొలగించినదాన్ని మధ్యలో మళ్ళీ తెరవకూడదు. లెక్క పూర్తయ్యేదాకా ఏ మెట్టూ చెరపకూడదు. అది ఆయన నియమం. కొంప ముంచింది కూడా అదే.

ఒకటోది ఆపారు. దీపం ఆగలేదు. ఆగింది ఇంటర్నెట్ మీద నడిచే గేటు బెల్లు. సరిగ్గా పదింటికి నోటీసు విషయమై కంపెనీ టెక్నీషియన్ వచ్చి ఆ బెల్లును పదకొండుసార్లు నొక్కాడు. చివరికి తన కాగితంలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అది టీచరమ్మ నంబరు. ఆ ఫోను బీరువాలో, బట్టల మడతల మధ్య, ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు, నాలుగున్నరకు మళ్ళీ వస్తాను అని చీటీ రాసి గేటుకు గుచ్చి వెళ్ళిపోయాడు.

రెండోది కోడలి కంప్యూటరు. ఇచ్చిన గడువులో పని ఎందుకు పూర్తికాదో ఆమె అప్పుడే పై అధికారులకు వివరించడం మొదలుపెట్టింది. తెర మీద నాలుగు మొహాలూ బిగుసుకుపోయాయి. తన మాటలకు జనం ఇంత శ్రద్ధగా నోరు మూసుకోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. అందుకని ఇంకో పది నిమిషాలు ఉత్సాహంగా చెప్పుకుపోయింది. అవతలివాళ్ళకు మాత్రం ఆమె కోపం పట్టలేక లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. ఎందుకైనా మంచిదని గడువు రెండు వారాలు పెంచేశారు.

మూడోది టీవీ. ఆటగాడు ఏనుగు మీద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాడు. బావమరిదికి అనుమానం రాలేదు. నలభై నిమిషాలపాటు ఆ ఏకాగ్రతకు ముగ్ధుడై, ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాడు.

నాలుగోది ఆపిన కాసేపటికి డాక్టరు మేడ దిగి వచ్చాడు.

“మాస్టారూ, నెట్ పోయిందండీ. పేషెంటుని నాలుక చూపించమన్నాను. చూపించాడు. లోపల పెట్టమని చెప్పేలోగా పోయింది. చాలా మర్యాదస్తుడండీ. ఇంకా అలాగే ఉండుంటాడు.”

మాస్టారు ఆయనకు కుర్చీ చూపించి, మన కనెక్షన్ మీద మీరేమైనా పంచుతున్నారా అని నెమ్మదిగా అడిగారు. తప్పు చేసిన పిల్లవాణ్ణి ఆయన అడిగే తీరే అంత. డాక్టరుకు చెమట పట్టింది. ఎదురింటివాళ్ళు అడిగితే కాదనలేక పాస్‌వర్డు చెప్పానని ఒప్పుకున్నాడు. మొహం చూస్తే తెలుస్తుందన్నాను కదా అని బావమరిది ముందుగది నుంచి కేకవేశాడు, కన్ను టీవీ మీంచి తీయకుండానే.

అయిదోది ఎదురింటివారిది. దాన్నీ ఆపారు. దీపం మిణుకుతూనే ఉంది. న్యాయం అందరికీ ఒకటే కనుక ఆరోదైన తన సొంత కంప్యూటరునూ ఆపేశారు. దీపం ఆగలేదు. ఏడోది నొక్కారు.

దీపం ఆగిపోయింది.

మాస్టారు కాగితం మీద ఏడు చుట్టూ సున్నా చుట్టారు. దొంగ దొరికింది, ఇంక అది ఎవరి వస్తువో చూడటమే. అయితే చివరి మెట్టు వదిలేసి జవాబు రాసినవాళ్ళకు ఆయన ఎప్పుడూ పూర్తి మార్కులు వేయలేదు. ఎనిమిదోదాన్ని కూడా నొక్కారు. అది ఆయన చేతిలో ఉన్న ఫోనే. రూటరు పేజీ మాయమైంది. ఎనిమిది తాళాలూ వేసి, తాళంచెవుల గుత్తిని లోపలే పడేసినట్టయింది. ఐదింటికి ఇంకా మూడు గంటలుంది కదా అనుకున్నారు మాస్టారు.

అప్పుడు ల్యాండ్‌లైను మోగింది. ఎవరో ఆడమనిషి గొంతు.

“సైన్సు టీచరమ్మగారి ఇల్లేనాండీ? పదకొండో పాఠం ఎనభై రెండు శాతం దగ్గర ఆగిపోయిందండీ. ఎక్కడైనా ఆగిపోతే ఈ నంబరుకు చెప్పమని రాసుంది. మాకు ఎల్లుండే పరీక్ష.”

ఏ పాఠమని మాస్టారు అడిగారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తను ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతో చూపు లేదు. ముప్పై ఆరేళ్ళకు పరీక్షకు కూర్చుంటోంది. చూపు లేనివాళ్ళ కోసం టీచరమ్మ సైన్సు పాఠాలన్నీ సొంత మాటల్లో చెప్పి, గొంతు రికార్డు చేసి పెట్టింది. గుండె బొమ్మ వచ్చినచోట, గుప్పిట మూసి చూసుకోండి, అంతే ఉంటుంది, కాస్త ఎడమకు వాలి, అంటుందట. పాఠం తీసుకున్న ప్రతివాళ్ళూ తమ కంప్యూటరును తెరిచి ఉంచి, పక్కవాళ్ళకు ముక్కలు ముక్కలుగా అందిస్తారు. కానీ పోయినేడు తీసుకున్నవాళ్ళు పరీక్ష గట్టెక్కాక, ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, కట్టేసుకుని వెళ్ళిపోయారు. పదకొండో పాఠం ఇప్పుడు పూర్తిగా ఉన్నది టీచరమ్మ దగ్గరే. రెండువందల మంది అక్కడినుంచే తోడుకుంటున్నారు.

“టీచరమ్మగారు బాగున్నారాండీ?”

మాస్టారు ఫోను రెండో చేతికి మార్చుకున్నారు. “ఆవిడ పోయి ఏడాది దాటిందమ్మా.”

ఆపరేటరు మెల్లగా అడిగింది.

“మరి ఇన్నాళ్ళూ పాఠాలు పంపిస్తున్నదెవరండీ?”

“ఆవిడేనమ్మా. ఎవరూ ఆపలేదు. ఇవాళ నేను ఆపాను.”

రూటరు నుంచి ఒక నీలం వైరు గోడ వారగా వెళ్ళి, టీచరమ్మ గది తలుపు కింద దూరడం మాస్టారు అప్పుడు చూశారు. ఆ గది వారానికోసారి ఊడ్చి మూసేస్తారు. బల్ల కింద కంప్యూటరు సన్నగా మూలుగుతోంది. తెర నల్లగా ఉంటే అది ఆగిపోయిందనే అందరూ అనుకున్నారు. సెలవు రోజుల్లో ఆవిడ తలుపేసుకుని గట్టిగా చదువుతుంటే, మర్నాటి పాఠం కాబోలనుకున్నారు మాస్టారు. అడగలేదు.

“ఈ చప్పుడు పక్కగదిలో ఫ్రిజ్‌దని చెప్పింది నేనే,” అన్నాడు వెనకాల వచ్చిన బావమరిది. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దొంగ లేడని తేలింది గానీ, ఆవిడ పేరు ఇంకా నోటీసులోనే ఉంది. ఆవిడ పాఠం ఎనభై రెండు దగ్గర ఉంది. విప్పడానికి ఇంట్లో ఒక్క వస్తువూ పనిచేయడం లేదు. కోడలు విషయం విని బయటికి పరిగెత్తబోయి, గేటుకున్న చీటీ పట్టుకొచ్చింది.

“మామయ్యా, నాలుగున్నరకు మళ్ళీ వస్తాడట. అప్పటిదాకా దాన్నెవర్నీ ముట్టుకోనివ్వకండి.”

ముట్టుకోదలచినవాడు ఒక్కడే, బావమరిది. అతను అప్పటికే స్క్రూడ్రైవరు వెతుకుతున్నాడు. మాస్టారు రూటరును చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, గేటుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

టెక్నీషియన్ చెప్పిన వేళకే వచ్చాడు. తన దగ్గరున్న చిన్న యంత్రం తగిలించి, మూడు నిమిషాల్లో ఎనిమిదీ విప్పేశాడు. చివరి దీపం మిణుకుమంది. పొద్దుటి నుంచీ దాన్ని ఆర్పడానికి తంటాలు పడిన మాస్టారు, అప్పుడు గానీ వెనక్కి వాలలేదు.

“ఇది యంత్రం పంపే కాగితమండీ. బయటికెళ్ళేది ఎక్కువైతే దానంతటదే పోతుంది. ఏం పంచుతున్నారో దానికేం తెలుసు?” అన్నాడు టెక్నీషియన్. జవాబుగా ఒక ఫారం నింపాలి. పంచుతున్నది ఎవరి సొత్తు అన్న గడిలో మాస్టారు భార్య పేరు రాశారు. సొంతదారు సమ్మతి ఉందా అన్నచోట, ఉంది, అని రాశారు. ఈసారి కలం ఎక్కడా ఆగలేదు. ఐదుకు పది నిమిషాలుండగా ఆవిడ పేరు మీద ఏ ఆక్షేపణా లేదని కంపెనీ నుంచి కబురు వచ్చింది. పనిలో పనిగా కనెక్షన్ మీ పేరుకు మార్చమంటారా అని టెక్నీషియన్ అడిగాడు. వద్దు, ఆవిడ పేరునే ఉండనివ్వండి అన్నారు మాస్టారు.

ఆరింటికి ఆపరేటరు ఫోన్ చేసింది. పాఠం నూరు శాతం అందిందట; చివరిదాకా విన్నదట. విద్యుత్తు పాఠం కదా, ఆఖర్న టీచరమ్మ ఒక మాట చెప్పిందట. ఇందులో లెక్కలు నాకంటే మా ఆయన బాగా చెప్తారు, ఇదే నంబరు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయనకు వేరే పనేమీ ఉండదు, అని.

“ఆవిడ మీకు చెప్పే ఉంటారు కదండీ,” అంది ఆపరేటరు.

చెప్పింది, అన్నారు మాస్టారు. ఆయన ఆడిన అబద్ధాల్లో అది చాలా హాయిగా ఆడిన అబద్ధం.

మర్నాడు రెండింటికి ఫోను మోగేసరికి ఆయన పెన్సిలు చెక్కి సిద్ధంగా కూర్చున్నారు. మొదటి లెక్క నిరోధాలది. ఉత్సాహంగా మొదలుపెట్టి, మూడు మెట్లు గుక్కతిప్పుకోకుండా దాటించారు.

“మాస్టారూ,” అంది ఆపరేటరు కాస్త మొహమాటంగా, “కొంచెం నిదానంగా చెప్తారా? ఏం అర్థం కావట్లేదండీ.”

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ మాట ఆయనతో ఇంట్లో టీచరమ్మ తప్ప బయట ఎవరూ అనలేదు.