గోడ లేని గేటు

మెదక్ పట్టణం రాజ్యాలు మారడం చూసింది, రూపాయలు మారడం చూసింది. జకరయ్య ఇంటికి స్మారక సందర్శన పాసు వచ్చిన మంగళవారం ముందు అవన్నీ మామూలు సంగతులే.

జకరయ్య జపాను వాళ్లతో యుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడి వచ్చిన మనిషి. పాపన్నపేట దోస్తు ఐలయ్య అక్కడే ఉండిపోయాడు. అతన్ని ఏ వాగు ఒడ్డున పూడ్చారో ఎవరికీ తెలియదు. భూమ్మీద అతని పేరు చెక్కి ఉన్నది ఒక్క చోటే, ఊరి చివర కొత్తగా నిలబెట్టిన సైనికుల స్మారక శిల మీద. జకరయ్య కళ్లకు పొర కమ్ముతోంది. చూపు పూర్తిగా పోకముందే ఆ పేరు చదివి, ఒకసారి చేత్తో తడమాలి. ఆయన కోరిక అంతే.

పాసు చూసి ఎక్కువ సంబరపడింది కోడలు నవోమి. బీఏ చదివింది, పెళ్లయి నెల తిరగలేదు, ఇప్పుడు ఆమెకు పాలు పొంగి పొయ్యి ఆరినా ముచ్చటే.

“మామయ్యా, ముద్ర ఎంత గుండ్రంగ పడ్డదో చూడుండ్రి!”

బడిపంతులైన ఆమె భర్త గాబ్రియేలుకు సెలవు దొరకలేదు (ఉన్న సెలవులన్నీ పెళ్లికి ఖర్చు చేశాడు, ఎందుకిన్ని అని హెడ్మాస్టరు అడిగితే నవ్వాడట). అందుకని జకరయ్య ఛాతీకి యుద్ధ పతకం పెట్టుకుంటే, పెళ్లి చీర కట్టుకుని నవోమే వెంట బయలుదేరింది.

స్మారకానికి ఇనుప గేటు ఉంది. గేటుకు తాళం ఉంది. తాళానికి స్మారక సందర్శన ఉపశాఖ గుమాస్తా ఎల్లం ఉన్నాడు. గోడ మాత్రం లేదు. (గేటు ఒక ఏడాది బడ్జెట్టు, గోడ మరో ఏడాది బడ్జెట్టు.) ఆ ఖాళీలోంచి మేకలు కాసే సిద్దమ్మ మంద లోపలికి వెళ్లి శిల నీడన నెమరేస్తోంది. పౌరులు మాత్రం గేటు ముందే వరుసలో నిలబడాలి.

ఎల్లం పాసును ఎండకెత్తి చూశాడు. “పాసు సక్కగున్నది తాతా. గని అరవై దాటిన ఫౌజీకి సహాయకుడు ఉండాలె.”

“నేనున్న గద సార్,” అంది నవోమి.

“నువ్వేమైతవమ్మా?”

“కోడల్ని.” ఆ మాట పైకి చెప్పుకునే అవకాశం వచ్చినందుకు ఆమె ముఖం వెలిగింది.

“గక్కడనే వచ్చింది తిరకాసు. రక్తసంబంధమే ఉండాలె. పెండ్లి సంబంధాలు వేరే శాఖ.”

“అయితే మామయ్య ఒక్కరే పోతరు.”

“లోపల పడితే జిమ్మెదారి ఎవరిది?”

“ఆయన బర్మా అడవులల్ల నడిచిండ్రు సార్!”

“అడవికి గేటు లేదమ్మా.”

నవోమి మామ చెవి దగ్గరికి వంగింది. “గా పక్కనుంచి పోదమా? గోడనే లేదు.”

“ఫౌజోడు దొంగతొవ్వ పడతడా బిడ్డా? ఐలయ్య నవ్వుతడు. నాకు హుకుం కావాలె.”

“రేపు మామయ్య కొడుకునే తోలుకొని వస్తం మరి,” అంది నవోమి ఎల్లంతో.

“రేపా?” ఎల్లం జాలిపడ్డాడు. “రేపు సైనికుల సంస్మరణ దినం. సైనికుల గౌరవార్థం స్మారకానికి సెలవు. గేటు కాడ చౌకీదారు ఒక్కడే ఉంటడు. ఎల్లుండికి మీ పాసు చెల్లదు.”

జకరయ్య చాలాసేపు శిల వైపు చూశాడు. పేర్లు ఆనలేదు. వాటికి వీపు రుద్దుకుంటున్న తెల్ల మేక మాత్రం ఆనింది.

“గీ మేకలకు పాసున్నదా ఎల్లం?”

ఎల్లం నిబంధనలు మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. “మేకల ముచ్చట రూల్లల్ల లేదు తాతా. లేనిదాన్ని నేనెట్ల ఆపుత?”

“మేక వెంబడి వచ్చినోళ్లకు?”

“గదీ లేదు. సిద్దమ్మ రోజు పోతనే ఉన్నది.”

“సెలవు దినం? ఐలయ్యను యాది చేసుకునే రోజు రేపే గద.”

“మేకలకు సెలవేంది తాతా!”

“గిది హుకుమేనా?”

“హుకుమే.”

జకరయ్య మడమలు కలిపి నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. గేటు పక్కన నిలబడి ఇదంతా వింటున్న సిద్దమ్మ పగలబడి నవ్వింది. “రేపటికి గా తెల్లదాన్ని తోలుకపో అన్నా. జర పైలం, పూలు కనబడితే ఆగది.”

ఇంటిదారిలో జకరయ్య మరుసటి రోజు కార్యక్రమం ప్రకటించాడు. “పొద్దుగాలనే పోదాం. తాడు నువ్వు పట్టుకో బిడ్డా. నేను ఎనుక నడుస్త.”

మేకకు ఏ రంగు రిబ్బను కట్టాలా అని నవోమి అప్పటికే ఆలోచిస్తోంది. అంతలో ఒక సంగతి తట్టి ఆగిపోయింది.

“రేపు పతకం పెట్టుకోకుండ్రి మామయ్యా. ఫౌజీ అని తెలిస్తే చౌకీదారు ఆపుతడు.”